రాత్రిళ్లు కుళ్లిన గుడ్డు వాసన: 45 కిలోమీటర్ల అవతలి రిఫైనరీదేనా? ఎలా తేల్చాలి?

భోగాపురం సైన్స్ క్లబ్:

మాది విజయనగరం జిల్లా భోగాపురం మండలం. హైస్కూలు సైన్స్ క్లబ్ తరఫున అడుగుతున్నాను. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా రాత్రి పది దాటితే కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది. తెల్లవారేసరికి కొబ్బరి మట్టల ఎత్తున కదలని పొగ పొర కనిపిస్తోంది. నైరుతి దిక్కున, మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖ రిఫైనరీ నుంచే ఇదంతా వస్తోందని ఊళ్లో అనుకుంటున్నారు. కొలిచి చూద్దామని పిల్లల పట్టుదల.

మా దగ్గరున్నవి పీఎంఎస్ 5003 రకం ధూళి సెన్సర్లు రెండు, ఎంక్యూ-135 గ్యాస్ సెన్సర్ ఒకటి, తేమ, ఉష్ణోగ్రత చూపించేది ఒకటి. ఏం కొలవాలి, ఏ నెలలో కొలవాలి, ఎక్కడ పెట్టాలి? ఆ లెక్కలు కాలుష్య నియంత్రణ మండలి ముందు నిలబడతాయా?

గంధకం:

మాస్టారూ, ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి, సగం ప్రశ్న అక్కడే తీరిపోతుంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంది. శీతాకాలంలో వీచేది ఎక్కువగా ఈశాన్యపు గాలి. రాత్రిపూట దానికి తోడు నేల మీంచి సముద్రం వైపు పోయే గాలి ఉంటుంది. ఆ రోజుల్లో మీ ఊరి గాలి రిఫైనరీ వైపు పోతుందే గానీ అక్కడి గాలి మీ ఊరికి రాదు. ఫాల్గుణం నుంచి దక్షిణ, నైరుతి గాలులు మొదలై వానాకాలం అంతా సాగుతాయి. అప్పుడు మాత్రం మీరు సరిగ్గా దాని గాలివాటులో ఉంటారు. వాసన వచ్చే నెలలు, రిఫైనరీ గాలి వచ్చే నెలలు ఒకటి కావు.

రెండోది దూరం. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడుది. వంద కోట్ల వంతుల్లో కొద్ది వంతులు ఉన్నా (దీన్నే పిపిబి అంటాం) మనిషి ముక్కు పట్టేస్తుంది. రిఫైనరీ గోడ దగ్గర 100 పిపిబి ఉందనే అనుకుందాం. 45 కిలోమీటర్లు వచ్చేసరికి ఆ గాలి వందల రెట్లు పలచబడుతుంది, మిగిలేది 1 పిపిబి కూడా కాదు. అంత దూరాన ముక్కు పుటాలు అదిరేలా వాసన వస్తోందంటే దాని మూలం మీకు రెండు మూడు కిలోమీటర్ల లోపే ఉందని నా అంచనా. గోగు కట్టలు ఊరబెట్టిన చెరువులు చూడండి. నారకోసం నీట ముంచిన కట్టలు కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి ఇదే గ్యాసు పుడుతుంది, కాలం కూడా సరిపోతుంది. రొయ్యల చెరువులు ఎండగట్టినప్పుడు అడుగు నల్లబురద కదిలినా ఇదే వాసన. శీతాకాలపు రాత్రి నేల చల్లబడి, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. చెరువు వాసనా, పొయ్యి పొగా, ఇటుక బట్టీ పొగా ఆ మూత కిందే ఉండిపోతాయి. మీరు చూస్తున్న పొగ పొర చాలావరకు అదే అయ్యుండాలి.

అలాగని రిఫైనరీని వదిలెయ్యమని కాదు. దాని గాలి నిజంగా వచ్చే నెలల్లో, నిజంగా అంత దూరం రాగలిగినదాన్ని వెతకాలి. అందుకు లోపల ఏం జరుగుతుందో కొంత తెలియాలి.

పొగ ఒక్క గొట్టం నుంచి రాదు. ముడిచమురు వేడిచేసే కొలిముల నుంచి సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. బరువైన నూనెను విరగ్గొట్టే క్యాటలిటిక్ క్రాకర్‌లో ఉత్ప్రేరకం మీద పేరుకున్న బొగ్గును 700 డిగ్రీల దరిదాపుల్లో కాల్చేస్తారు, అక్కడ ఆ రెండింటితో పాటు సన్నటి ఉత్ప్రేరకం పొడి కూడా బయటపడుతుంది. ట్యాంకుల తేలే కప్పుల సీళ్లు, వాల్వుల ప్యాకింగు, పైపుల అతుకుల దగ్గరి ఫ్లాంజిలు, నూనె తేలిన మురుగునీటి తొట్లు, లారీలకు నింపే చోట్లు, ఇవన్నీ పెట్రోలు ఆవిరి, బెంజీను వదిలేవి. వీటికి చిమ్నీ ఉండదు, చిమ్నీకి తగిలించిన మీటరుకు ఇవి ఎప్పటికీ కనపడవు. ట్యాంకు బాగా ఖాళీ చేసి తేలే కప్పు కాళ్ల మీద ఆనిందంటే, కింద ఆవిరికి జాగా దొరుకుతుంది. మళ్లీ నింపేటప్పుడు ఆ ఆవిరంతా బయటికే.

నన్నడిగితే అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది సల్ఫర్ రికవరీ యూనిట్. చమురులోంచి తీసిన హైడ్రోజన్ సల్ఫైడులో మూడో వంతును కాల్చి సల్ఫర్ డయాక్సైడ్ చేస్తారు. అది మిగతా రెండు వంతులతో కలిసి గంధకమూ నీళ్లూ అవుతుంది. 2008 కేంద్ర నిబంధనల ప్రకారం రోజుకు 20 టన్నులు దాటిన యూనిట్లలో పాతవాటికి 98.7 శాతం, కొత్తవాటికి 99.5 శాతం గంధకం దక్కాలి. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ లెక్క వేసి చూడండి. రోజుకు 100 టన్నుల గంధకం వచ్చే యూనిట్లో 99.5 శాతం దక్కితే గాలిలోకి పోయేది అర టన్ను గంధకం, అంటే 1 టన్ను సల్ఫర్ డయాక్సైడ్. 98.7 అయితే 2.6 టన్నులు. అదే యూనిట్ ఒక్క గంట ఆగిపోయి ఆ గ్యాసంతా ఫ్లేర్‌లో (మిగులు గ్యాసును కాల్చేసే ఎత్తైన గొట్టం) కాలిందంటే 8.3 టన్నులు. ఒక్క గంటలో ఎనిమిది రోజులది! అందుకే నెల సగటు చూసి మోసపోవద్దు, ఆగిపోయిన గంటలు అడగండి.

ఎందుకు ఆగుతుందంటే, గ్యాసులో హైడ్రోకార్బన్లు కలిసొస్తే మసి పట్టి ఉత్ప్రేరకం చచ్చిపోతుంది. అమ్మోనియా వచ్చినప్పుడు కొలిమి 1250 డిగ్రీలు దాటకపోతే అది పూర్తిగా విరగదు, ఉప్పులై చల్లటి చోట పైపులు మూస్తుంది. గంధకం గడ్డకట్టి మూసుకుపోవడమూ మామూలే.

ఫ్లేర్ మంటను దూరం నుంచి చదవొచ్చు. నల్లటి పొగ వస్తే మంటలోకి పంపే నీటి ఆవిరి చాలలేదు. మంట సరిగా కనపడక, తెల్లటి ఆవిరీ హోరూ ఎక్కువైతే ఆవిరి మరీ ఎక్కువైంది, అప్పుడు గ్యాసు కాలకుండానే పోతుంది. చూడ్డానికి శుభ్రంగా ఉన్న ఈ రెండోదే మోసం.

ఇక మీ దాకా వచ్చేది. సెకనుకు 5 మీటర్ల గాలిలో 45 కిలోమీటర్లకు రెండున్నర గంటలు. సల్ఫర్ డయాక్సైడ్ ఎండలో గంటకు ఒకటి రెండు శాతమే సల్ఫేటుగా మారుతుంది కాబట్టి చాలావరకు గ్యాసుగానే వస్తుంది, పలచగా. నైట్రోజన్ ఆక్సైడ్లూ ఆవిర్లూ దారిలో ఎండకు వండుకుని ఓజోన్ అవుతాయి. వేసవి మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఓజోన్, నైరుతి గాలి ఉన్న గంటల్లో సల్ఫర్ డయాక్సైడ్: మీరు వెతకాల్సినవి ఈ రెండూ. అదే దిక్కున బొగ్గు విద్యుత్ కేంద్రాలు, ఉక్కు కర్మాగారం, ఓడరేవు కూడా ఉన్నాయి, ఆ గ్యాసు మీద ఎవరి పేరూ రాసి ఉండదు.

పిప్పెట్:

గంధకం గారు చెప్పిన దిక్కు లెక్క సరైనది. పరికరాల సంగతి నేను చెబుతాను.

ఎంక్యూ-135ను పక్కన పెట్టేయండి. అమ్మోనియా, ఆల్కహాలు, పొగ, చివరికి తేమ మారినా అది ఒకేలా స్పందిస్తుంది. ఏ గ్యాసో చెప్పలేదు, పిపిబి స్థాయి అసలే చూడలేదు. దాని అంకె కాగితం మీద పెడితే మిగతా మంచి లెక్కలు కూడా తేలిపోతాయి.

పీఎంఎస్ 5003 పనికొస్తుంది గానీ మన తీరంలో తేమ దాన్ని తప్పుదోవ పట్టిస్తుంది. ధూళి రేణువు నీళ్లు తాగి ఉబ్బుతుంది, లేజరుకు పెద్దదిగా కనిపిస్తుంది. అమెరికాలో ఈ సెన్సర్ల కోసం కట్టిన సూత్రం ఉంది: అసలు పీఎం 2.5 (2.5 మైక్రాన్లలోపు సన్నటి ధూళి) = 0.524 × సెన్సర్ అంకె − 0.0862 × తేమ శాతం + 5.75. సెన్సర్ 80 చూపించి తేమ 85 ఉంటే అసలు 40 దగ్గర! పొగమంచు పట్టిన ఉదయాల్లో ఈ సూత్రం కూడా చాలదు, ఆ గంటలు లెక్కలోంచి తీసెయ్యండి. వీలైతే మండలి పరికరం పక్కన రెండు వారాలు పెట్టి మన గాలికి తగిన సూత్రం మనమే కట్టుకోవడం మేలు. రెండు సెన్సర్లూ ఒకేచోట వారం నడిపి, తేడా పది శాతం దాటితే ఫ్యాను, దుమ్ము చూడండి.

సల్ఫర్ డయాక్సైడుకు భారత ప్రమాణ పద్ధతి (ఐఎస్ 5182, రెండో భాగం) వాడే ద్రావణంలో పాదరసం ఉంటుంది, స్కూల్లో ముట్టుకోవద్దు. దగ్గరి ఇంజినీరింగు కాలేజీ ల్యాబుతో మాట్లాడుకోండి. లేదా గాలిలోని గ్యాసును తమంతట తామే పట్టుకునే, రెండు వారాలు వేలాడదీసే పాసివ్ ట్యూబులు తెప్పించుకోండి, వాటికి కరెంటూ పంపూ అక్కర్లేదు. నేలకు మూడు మీటర్ల ఎత్తు, వాన పడకుండా గొడుగు, వంట పొగకూ రోడ్డుకూ దూరం, చుట్టూ కనీసం మూడు వైపులా గాలి ఆడాలి. ప్రతి విడతలో ఒక ట్యూబు మూత తియ్యకుండా మిగతావాటితోనే తిప్పాలి. అందులో కూడా గ్యాసు కనపడితే ప్రయాణంలోనో ల్యాబులోనో కలిసిందని అర్థం. ఒక చోట రెండు ట్యూబులు పక్కపక్కన పెట్టండి, ఆ రెండూ పొంతన కుదరకపోతే ఆ విడత పారేయాలి.

పాసివ్ ట్యూబు రెండు వారాల సగటే చెబుతుంది, ఏ గంటలో వచ్చిందో చెప్పదు. కాబట్టి దిక్కు తేల్చాలంటే స్కూలు డాబా మీద గాలి దిక్కు, వేగం గంట గంటకూ రాసే పరికరం తప్పనిసరి. గంటవారీ సల్ఫర్ డయాక్సైడ్ పరికరం ఎవరైనా ఇచ్చిన రోజున ఆ అంకెల్ని ఎనిమిది దిక్కుల గాలికి విడగొట్టి సగటులు చూస్తే చాలు.

బెంజీనుకు మన దేశ హద్దు ఏడాది సగటు ఘనమీటరుకు 5 మైక్రోగ్రాములు. అమెరికాలో రిఫైనరీ గోడ చుట్టూ ఇలాంటి ట్యూబులే 14 రోజులకోసారి మారుస్తూ పెట్టాలన్న నిబంధన 2015లో వచ్చింది. ఎక్కువ ట్యూబుకూ తక్కువ ట్యూబుకూ తేడా, ఏడాది సగటున 9 మైక్రోగ్రాములు దాటితే కారణం వెతికి సరిచెయ్యాలి. తక్కువదాన్ని తీసెయ్యడంలోనే తెలివుంది, బయటి నుంచి వచ్చే బెంజీను అలా లెక్కలోంచి పోతుంది. మీ ఊళ్లో బెంజీను ఒక్కటే చూడకండి, దానిలాంటిదే అయిన టోలుయీన్ ఆవిరి కూడా చూడండి. కట్టెల పొగలో బెంజీనే ఎక్కువ, బండ్ల పొగలో టోలుయీన్ ఎక్కువ.

రిఫైనరీ పొడికి మాత్రం ఒక గుర్తు ఉంది. క్రాకర్ ఉత్ప్రేరకంలో లాంథనం అనే లోహం కలుపుతారు. మామూలు మట్టిలో లాంథనం, సీరియం అనే మరో లోహంలో సగమే ఉంటుంది. ధూళిలో లాంథనం ఆ నిష్పత్తిని దాటిపోతే ఉత్ప్రేరకం పొడి అని అనుమానించొచ్చు. ఇక్కడే మన తీరానికి ఒక చిక్కుంది. భీమిలి నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది. అందులో ఈ రెండు లోహాలూ దండిగా ఉంటాయి. లాంథనం ఎంతుందని చూస్తే ఇసుక ఎగిరిన ప్రతి రోజూ రిఫైనరీ మీదికే పోతుంది. మోనజైట్లోనూ సీరియంలో సగం దగ్గరే లాంథనం కాబట్టి, నిష్పత్తి మాత్రమే చూడాలి. అదే ఫిల్టర్లో మాంగనీసు ఎక్కువైతే గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో మిశ్రమ కొలుములూ, పొటాషియం ఎక్కువైతే గడ్డీ కట్టెలూ గుర్తుకు తెచ్చుకోండి.

ఫిల్టరంటే 47 మిల్లీమీటర్ల టెఫ్లాన్ బిళ్ల. నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున 24 గంటలకు 24 ఘనమీటర్ల గాలి. బిళ్ల బరువు 1.2 మిల్లీగ్రాములు పెరిగితే ఘనమీటరుకు 50 మైక్రోగ్రాములన్నమాట, పీఎం 2.5కు 24 గంటల హద్దు 60. ముందూ వెనకా ఒకే తేమలో ఒక రోజు ఉంచి తూచకపోతే, ఆ పెరిగిన బరువులో ధూళెంతో నీళ్లెంతో తెలియదు.

మీ అసలు వాసనకు చవకైన పద్ధతి వేరే ఉంది. ఒకే వెండి రేకు నుంచి కోసిన ముక్కల్ని మెరిసేలా రుద్ది, సముద్రానికి సమాన దూరంలో ఐదారు చోట్ల, గోగు చెరువు గట్టున ఒకటి, రొయ్యల చెరువు దగ్గర ఒకటి, దూరంగా మెట్ట మీద ఒకటి, వాన తగలకుండా నెల రోజులు వేలాడదీయండి. సల్ఫైడు ఎక్కడ ఎక్కువో అక్కడ ముందు నల్లబడుతుంది. ఉప్పుగాలి కూడా కొంత మసకబారుస్తుంది, అందుకే సమాన దూరం అన్నాను.

వంశధార:

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మా టెక్కలి, పలాస వైపు నుంచి చాలామంది కుర్రాళ్లు రిఫైనరీల షట్‌డౌన్ పనులకి వెళ్తారు. ట్యాంకులు కడగడం, ఎక్స్ఛేంజర్లు విప్పడం లాంటివి. ఊరి దాకా రాని గ్యాసు వాళ్ల ముక్కు ముందే ఉంటుంది కదా. వాళ్లకి ఏం చెప్పాలి?

గంధకం:

మంచి ప్రశ్న వేశారు బాబూ, అసలు ప్రమాదం వాళ్లదే.

వాసన పోయిందంటే గ్యాసు పోయిందని అనుకోకూడదు. హైడ్రోజన్ సల్ఫైడు 100 పిపిఎం (పది లక్షల వంతుల్లో వంద వంతులు) దగ్గర ముక్కు పనిచేయడం మానేస్తుంది, ప్రాణానికి ముప్పు మొదలయ్యేదీ ఆ అంకె దగ్గరే. ఎనిమిది గంటల పనికి హద్దు 10 పిపిఎం. జేబుకు పెట్టుకునే డిటెక్టరు ఆ రోజు పొద్దున పరీక్ష గ్యాసుతో మోగించి చూశారో లేదో అడిగి తీసుకోవాలి. గుడ్డ మాస్కు, ఎన్-95 ధూళికే, గ్యాసుకు ఏమాత్రం అడ్డు కావు. ట్యాంకులోకి దిగాలంటే బయటి నుంచి గాలి అందించే మాస్కు, పైన ఒక మనిషి, నడుముకు తాడు. లోపల ఒకడు పడిపోతే మాస్కు లేకుండా రెండోవాడు దూకకూడదు. ఇలాంటి చోట్ల రక్షించబోయినవాడు కూడా పోవడం మళ్లీ మళ్లీ జరిగే సంగతి.

పాత పరికరం విప్పినప్పుడు లోపలి నల్లటి పొట్టు (ఐరన్ సల్ఫైడు) ఆరితే గాలి తగిలి దానంతట అదే అంటుకుంటుంది, తడిపి ఉంచాలి. బురద గీకేటప్పుడు తియ్యటి వాసన వస్తే బెంజీను, చేతి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు.

పరుగెత్తాల్సి వస్తే గాలి గుడ్డ చూసి, గాలికి అడ్డంగా జరిగి ఆ తర్వాత ఎదురు దిక్కుకు. వంటగ్యాసు గాలికంటే బరువు, నేల పట్టుకుని పాకుతూ కాలవల్లో నిండుతుంది. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో పెను ప్రమాదానికి దారితీసింది వంటగ్యాసు లీకే. పల్లం వైపు పరుగెత్తకూడదు.

అర్జీ:

మండలి ముందు నిలబడుతుందా అన్న ప్రశ్నకు. మీరు తీసిన శాంపిలు చట్టప్రకారం సాక్ష్యం కాదు. 1981 వాయు చట్టం 26వ సెక్షను కింద మండలి అధికారి నోటీసు ఇచ్చి తీసిందే సాక్ష్యం. మీ లెక్కలు వాళ్లు ఎప్పుడు, ఎక్కడికి రావాలో చెప్పడానికి పనికొస్తాయి. అందుకే అర్జీలో "కాలుష్యం ఎక్కువగా ఉంది" అని రాయకండి. తేదీ, గంట, గాలి దిక్కు, ఎన్ని నిమిషాలు, సున్నా నుంచి ఐదులో వాసన తీవ్రత, ఎంతమంది వేర్వేరు ఇళ్లలో రాశారు, ఇవి పట్టికగా పెట్టండి. అదే చట్టం 43వ సెక్షను ప్రకారం 60 రోజుల ముందు నోటీసిచ్చి పౌరులు కూడా కోర్టుకు వెళ్లొచ్చు.

కాగితాలు ఎక్కడున్నాయో చెబుతాను. విశాఖ రిఫైనరీ మల్కాపురంలో 1957లో మొదలైంది, విస్తరణతో సామర్థ్యం ఏడాదికి 8.33 నుంచి 15 మిలియన్ టన్నులకు పెరిగింది. ఇలాంటి విస్తరణలకు ఇచ్చే పర్యావరణ అనుమతిలో షరతులుంటాయి. ఆ షరతుల అమలు నివేదిక ఏటా జూన్ 1న, డిసెంబరు 1న ఇవ్వాలి. అవి దొరక్కపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల గడువు. "కాలుష్య వివరాలు ఇవ్వండి" అంటే ఒక పేజీ జవాబొస్తుంది. "ఫలానా తేదీల మధ్య సల్ఫర్ రికవరీ యూనిట్ ఆగిన గంటలు, ఆ గంటల్లో ఫ్లేర్‌కు పంపిన ఆమ్ల గ్యాసు (హైడ్రోజన్ సల్ఫైడు ఉన్న గ్యాసు) టన్నుల్లో, 15 నిమిషాల చిమ్నీ రీడింగులు, వాటితోపాటు ఆక్సిజన్ శాతం" అని అడగండి.

ఆక్సిజన్ ఎందుకంటే, గ్యాసుతో మండే కొలిమికి సల్ఫర్ డయాక్సైడ్ హద్దు ఘనమీటరుకు 50 మిల్లీగ్రాములు, అది 3 శాతం ఆక్సిజన్ దగ్గర లెక్క. చిమ్నీలో 8 శాతం ఉంటే వచ్చిన అంకెను 17.9తో గుణించి 12.9తో భాగించాలి. 40 అని చూపించింది 55 అవుతుంది. రోజంతా కదలకుండా ఒకే అంకె ఉన్నా, ఆగిపోయిన గంటల్లో గడులు ఖాళీగా ఉన్నా ఆ వరుసలకి గీత పెట్టుకోండి.

భోగాపురం సైన్స్ క్లబ్:

అందరికీ ధన్యవాదాలు. ఇలా అనుకుంటున్నాం. వెండి రేకులు ఈ వారమే నాలుగు చెరువుల దగ్గర, మెట్ట మీద ఒకటి. వాసన పట్టిక ఇరవై ఇళ్లకు. సల్ఫర్ డయాక్సైడ్, బెంజీను ట్యూబులు మార్చి నెల మొదటి వారం నుంచి మే చివరిదాకా ఆరు విడతలు, మూడు చోట్ల. గాలి పరికరం స్కూలు డాబా మీద. ఏమైనా తప్పుందా?

పిప్పెట్:

రెండు సవరణలు. ట్యూబులు మార్చిలోనే మొదలుపెడితే పోల్చడానికి ఏమీ ఉండదు. ఈశాన్యపు గాలి ఉండగానే, జనవరిలో రెండు విడతలు పెట్టండి. ఆ అంకె మీ ఊరి సొంత కాలుష్యానికి గుర్తు, దానిమీద వేసవిలో ఎంత పెరిగిందన్నదే జవాబు. మూడు చోట్లలో ఒకటి ఊరికి నైరుతి అంచున, ఒకటి ఈశాన్య అంచున ఉండేట్టు చూసుకోండి. డాబా పిట్టగోడ గాలిని తిప్పేస్తుంది, గాలి పరికరాన్ని గోడకు కనీసం మూడు మీటర్ల పైన గొట్టానికి కట్టి, ఉత్తరం గుర్తును దిక్సూచితో సరిచూశాకే మొదటి అంకె రాయండి.